కోడ్‌లో ఎర్రగీత లేదు, డాష్‌బోర్డ్‌లో లెక్క తప్పింది

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. పేరూ కంపెనీ పేరూ బయటపెట్టొద్దన్నారు కాబట్టి విషయం మటుకు క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమె ఆన్‌లైన్‌లో మందులు అమ్మే ఒక సంస్థలో ఫ్రంట్‌ఎండ్ డెవలపర్, అంటే వెబ్‌సైట్‌లో కంటికి కనిపించే భాగానికి కోడ్ రాసేవారు. కస్టమర్ ఏం వెతికారు, ఏది కార్ట్‌లో వేశారు, పేమెంట్ దాకా వచ్చి ఎక్కడ ఆగిపోయారు అనే సమాచారమంతా ఈవెంట్ల రూపంలో వెబ్‌సైట్ నుంచి, లెక్కలు చూపించే అనలిటిక్స్ వ్యవస్థకి వెళ్తుంది. ఆ పని చూసే సీనియర్ ఉద్యోగం మారడంతో అది ఈమె నెత్తిన పడింది. ఏ ఈవెంట్ ఎందుకు ఉందో చెప్పే కాగితం ఒక్కటీ లేదు.

ఫిబ్రవరిలో ఒక సోమవారం మీటింగ్‌లో డాష్‌బోర్డ్ తెరిస్తే ఆర్డర్లు సగానికి పడిపోయి కనిపించాయి. మార్కెటింగ్ వాళ్లు యాడ్స్ ఆపేశారు. పేమెంట్ గేట్‌వే వాళ్లకు ఫోన్లు వెళ్లాయి. చివరికి తేలిందేమిటంటే, ఒక సహోద్యోగి కోడ్ శుభ్రం చేస్తూ మొబైల్ చెకౌట్ పేజీలో ‘ఆర్డర్_ప్లేస్డ్’ అనే పేరును ‘ఆర్డర్_కంప్లీటెడ్’ అని మార్చాడు. ఆర్డర్లు మామూలుగానే వస్తున్నాయి, లెక్కలోకి రావడం మానేశాయి, అంతే. ఆ మార్పును రివ్యూ చేసి సరేనన్నది ఈమే కాబట్టి మాట ఈమెకే తగిలింది.

ఇది మళ్లీ జరగకూడదని వారాంతాల్లో కూర్చుని ఈవెంట్లన్నిటికీ టైప్‌స్క్రిప్ట్ భాషలో టైప్‌లు, అంటే ఏ వివరం ఏ రకంలో ఉండాలో చెప్పే నిబంధనలు, రాశారు. లీడ్ చూసి, “పని జరుగుతోందిగా, ఇంత హంగామా దేనికి? ఎనీ పెట్టి ముందుకెళ్లు” అన్నారు. ఎనీ అంటే ఏ రకమైనా సరే, తనిఖీ వద్దు అని. టీమ్‌లో ముగ్గురు ఇప్పటికీ ఈవెంట్లు పంపే పాత ఫంక్షన్‌నే వాడుతున్నారు. గోరుచుట్టు మీద రోకటి పోటులా, ఈమె టైప్‌లు రాసిన పేమెంట్ ఈవెంట్‌లోనే మొత్తం రూపాయల బదులు పైసల్లో వెళ్లింది. 499 రూపాయల ఆర్డర్ 49,900గా కనిపించింది. మర్నాడు స్టాండప్‌లో (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్‌లో) లీడ్, “టైప్‌సేఫ్ అన్నావు, సేఫ్‌గా వంద రెట్లు చేసేశావు” అంటే అందరూ నవ్వారు. ఏప్రిల్‌లో అప్రైజల్. “అంతా తిరగరాయనా? ఏదైనా టూల్ కొనమని అడగనా? వదిలేయనా? టీమ్ మారిపోనా?” అని ఆమె అడుగుతున్నారు.

సమాధానం:

ముందు ఒక చేదు మాట చెబుతాను. టైప్‌లు పెట్టాలన్న మీ ఆలోచన సరైనదే. కానీ ఫిబ్రవరిలో జరిగిన దానికి అది మందు కాదు. మీరు దాన్ని ఆ జబ్బుకే మందుగా చూపించారు. లీడ్ మీ మీద జోక్ వేయగలిగారంటే కారణం అదే.

మీ టైప్‌లు అప్పటికే ఉండి, టీమంతా వాడుతున్నారనుకోండి. సహోద్యోగి ఈవెంట్ల ఫైల్‌లో ‘ఆర్డర్_ప్లేస్డ్’ని మారుస్తాడు. కోడ్‌ని తనిఖీ చేసే కంపైలర్ వెంటనే ఆ పేరు వాడిన చోటల్లా తప్పని ఎర్రగీత గీస్తుంది. అతను ఒక్కొక్కటీ సరిచేస్తాడు. బిల్డ్ పాసవుతుంది. మీరు రివ్యూలో చూస్తారు, అంతా పొందికగా ఉంది, సరే అంటారు. అప్పుడు మొబైల్ సైట్ ఒక్కటే కాదు, డెస్క్‌టాప్ కూడా కొత్త పేరే పంపుతుంది. డాష్‌బోర్డ్‌లో ఆర్డర్లు సగానికి కాదు, సున్నాకి పడిపోతాయి. ఎందుకంటే డాష్‌బోర్డ్ వెనకున్న ఎస్‌క్యూఎల్ క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) పాత పేరు అలాగే ఉంది, అది మీ కంపైలర్ కంటికి కనపడదు. టైప్ చూసుకునేది మీ కోడ్ మీ కోడ్‌తో ఏకీభవిస్తోందా అనే. అవతలి బిల్డింగ్‌లో కూర్చున్న అనలిస్ట్ క్వెరీతో దానికి సంబంధం లేదు.

ఆ జబ్బుకి మందు వేరే ఉంది, పైగా చవక. ఒకసారి ప్రొడక్షన్‌లోకి, అంటే కస్టమర్లు వాడే అసలు సైట్‌లోకి, వెళ్లిన ఈవెంట్ పేరు మార్చకూడదు. కొత్త పేరు కావాలంటే కొత్త ఈవెంట్ చేర్చాలి, కొన్నాళ్లు రెండూ పంపాలి, అనలిస్ట్ తన క్వెరీలు మార్చుకున్నానన్నాక పాతది తీసేయాలి. దీన్ని మాటగా చెబితే ఎవరూ పాటించరు. టీమ్ కోడ్ ఉంచుకునే గిట్‌హబ్‌లో, ఏ ఫైల్‌కి ఎవరు బాధ్యులో రాసే కోడ్‌ఓనర్స్ అనే ఫైల్ ఉంటుంది. ఈవెంట్ల ఫైల్‌ని ఎవరు ముట్టుకున్నా అనలిస్ట్ అప్రూవల్ తప్పనిసరి అని అందులో, బ్రాంచ్ రూల్స్‌లో పెట్టండి. దాంతోపాటు ఉన్న పేర్లన్నీ ఒక జాబితాగా పెట్టుకుని, అందులోంచి ఏ పేరు మాయమైనా ఫెయిలయ్యే టెస్ట్ ఒకటి రాయండి. పేర్లన్నీ ఆ ఒక్క ఫైల్‌లోంచే వస్తుంటే, ఫిబ్రవరి గొడవ ఆగడానికి ఈ రెండూ సరిపోయేవి. ఆ టెస్ట్‌లోనే ఇంకో సంగతి కూడా చూసుకోవచ్చు: గూగుల్ అనలిటిక్స్ 4 వాడుతుంటే ఈవెంట్ పేరు 40 అక్షరాలు దాటకూడదు, ఒక్కో ఈవెంట్‌కి 25 పారామీటర్లకు (దానితో వెళ్లే వివరాలకు) మించి పంపకూడదు. మామూలుగా రాసుకునే టైప్‌లు ఇలాంటివి పట్టుకోవు.

మరి టైప్‌లు దేనికి? చాలా వాటికే. పాత ఫంక్షన్ ఎలా ఉండి ఉంటుందో ఊహించగలను. దానికి మొదట ఇచ్చేది పేరు, అది ఏ స్ట్రింగ్ (అక్షరాల వరస) అయినా సరే. రెండోది వివరాలు, అది ఎనీ. అంటే కంపైలర్‌ని “నువ్వు ఏమీ అడక్కు” అని బయట కూర్చోబెట్టడం. ఒకరు ఐడీని నంబర్‌గా పంపుతారు, ఇంకొకరు స్ట్రింగ్‌గా పంపుతారు. ఒకరు పేరులో స్పెల్లింగ్ తప్పు రాస్తారు, ఇంకొకరు క్యాపిటల్ అక్షరంతో మొదలుపెడతారు. గూగుల్ అనలిటిక్స్ ఆ తేడాకే రెండు వేర్వేరు ఈవెంట్లుగా లెక్కేస్తుంది. మీరు రాసిన పద్ధతిలో ఈవెంట్ పేరు ఎడమవైపు, దానితో వెళ్లాల్సిన వివరాల ఆకారం కుడివైపు ఉంటాయి. ట్రాక్ ఫంక్షన్ ఆ పట్టికలో ఉన్న పేర్లు మాత్రమే ఒప్పుకుంటుంది, పేరును బట్టి వివరాలు అడుగుతుంది. ఈ గందరగోళంలో ఎక్కువ భాగం దాంతోనే పోతుంది.

నాకు ఇంకా నచ్చేది, జరగడానికి వీల్లేని దాన్ని రాయడానికే వీల్లేకుండా చేయడం. మీ ‘పేమెంట్_ఫెయిల్డ్’ ఈవెంట్‌నే తీసుకోండి. కార్డ్ అయితే అది వీసానా, రూపేనా అన్నది కావాలి. యూపీఐ అయితే ఏ యాప్ అన్నది కావాలి. క్యాష్ ఆన్ డెలివరీకి ఇవేవీ ఉండవు. అన్నిటినీ ఐచ్ఛికంగా పెట్టి ఒకే ఆకారంలో కుక్కితే, యూపీఐ పేమెంట్‌కి కార్డ్ రకం అంటుకుని వెళ్లిన వింత రికార్డులు తయారవుతాయి. వాటిని శుభ్రం చేసే పని అనలిస్ట్‌ది. పేమెంట్ పద్ధతిని బట్టి మూడు ఆకారాలు విడివిడిగా రాసి, వాటిని యూనియన్‌గా (వీటిలో ఏదో ఒకటే అనే టైప్‌గా) కలిపితే ఆ వింతలు కంపైలే కావు. ఇదేం కొత్త విద్య కాదు, 2016లో వచ్చిన టైప్‌స్క్రిప్ట్ 2.0 నుంచీ ఉంది.

ఇక పైసల సంగతి. మీరు సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ఈ పొరపాటు మన దేశంలో పేమెంట్ కోడ్ రాసే వాళ్లందరికీ తెలిసిన బాపతే. రేజర్‌పే లాంటి గేట్‌వేలు మొత్తాన్ని పైసల్లో తీసుకుంటాయి, 499 రూపాయలకు 49900 అని పంపాలి. మీ కార్ట్ పేజీ రూపాయల్లో లెక్కేస్తుంది. గూగుల్ అనలిటిక్స్ పర్చేజ్ ఈవెంట్‌లో వాల్యూ రూపాయల్లో ఉండాలి, పక్కన కరెన్సీ ఐఎన్ఆర్ అని ఉండాలి. మూడు చోట్లా టైప్ ఏమిటి? నంబర్. కొరియర్ చీటీ మీద పిన్‌కోడ్‌కి ఆరు అంకెలున్నాయో లేదో ఎవరైనా చెప్పగలరు, అది మీ వీధిదో కాదో ఆరు అంకెలు చెప్పవు. ఇదీ అంతే.

దీనికి టైప్‌స్క్రిప్ట్‌లో ఒక ఉపాయం ఉంది. నంబర్‌కే ఒక ముద్ర వేసి, పైసలు ఒక టైప్‌గా, రూపాయలు ఇంకో టైప్‌గా చేస్తారు. రూపాయలు కావాల్సిన చోట పైసలు ఇస్తే కంపైలర్ ఒప్పుకోదు. బాగుంటుంది, కానీ మీ టీమ్‌లో ఎనీ దాటి రాని వాళ్లున్నప్పుడు ఇది పెడితే వాళ్లు ఇంకా దూరం జరుగుతారు. నన్నడిగితే ముందు ఫీల్డ్ పేరులోనే చెప్పేయండి: ‘మొత్తం’ అని కాకుండా ‘అమౌంట్_పైసా’ అని. అది రాసేవాళ్లకీ కనపడుతుంది, డాష్‌బోర్డ్‌లో చూసే అనలిస్ట్‌కీ కనపడుతుంది. గూగుల్ అనలిటిక్స్‌కి వెళ్లే వాల్యూ కోసం వందతో భాగించే పని ఒక్క చోటే, మీ ట్రాక్ ఫంక్షన్ లోపలే జరగాలి. ముద్ర టైప్‌ల సంగతి తర్వాత చూసుకోవచ్చు.

టైప్‌లు ఇంకో చోట కూడా చేతులెత్తేస్తాయి. బిల్డ్ అయ్యాక అవి ఉండవు, చెరిగిపోతాయి. బ్రౌజర్‌లో నడిచేది ఉత్త జావాస్క్రిప్ట్. సర్వర్ నుంచి వచ్చిన జేసన్‌ని (డేటా పంపే టెక్స్ట్ రూపాన్ని) పార్స్ చేస్తే, అంటే విడదీసి చదివితే, టైప్‌స్క్రిప్ట్ దాన్ని ఎనీగానే ఇస్తుంది. మీరు “ఇది ఆర్డర్” అంటే నమ్ముతుంది. బ్యాకెండ్ వాళ్లు రేపు ధరను నంబర్ బదులు స్ట్రింగ్‌గా పంపితే మీ ఎర్రగీతలు మౌనంగా ఉంటాయి. జోడ్ లాంటి లైబ్రరీతో రన్‌టైమ్‌లో, అంటే కోడ్ నడుస్తున్నప్పుడు, కూడా ఆకారం సరిచూడొచ్చు, టైప్ కూడా దానినుంచే పుట్టించుకోవచ్చు. అయితే అది అన్ని ఈవెంట్లకూ పెడితే పేజీ బరువెక్కుతుంది. డెవలప్‌మెంట్‌లో తప్పు దొరికితే గట్టిగా అరవాలి, ప్రొడక్షన్‌లో చప్పుడు లేకుండా ఎర్రర్ లాగ్‌లో రాసి ఊరుకోవాలి. ట్రాకింగ్ తప్పు వల్ల ఒక్క కస్టమర్‌కైనా ఆర్డర్ బటన్ పని చేయకపోతే, అప్పుడు మీ లీడ్ వేసేది జోక్ కాదు.

ఇక్కడే ఒక అసలు ప్రశ్న అడుగుతాను. ఆర్డర్ల సంఖ్యను బ్రౌజర్ ఈవెంట్ నుంచి ఎందుకు లెక్కిస్తున్నారు? ఫోన్‌లో కస్టమర్ క్రోమ్‌లో మందులు ఎంచుకుంటాడు, పేమెంట్‌కి ఫోన్‌పే తెరుచుకుంటుంది, డబ్బు కడతాడు, పని అయిపోయిందని ఫోన్ జేబులో పెట్టుకుంటాడు. మీ థాంక్యూ పేజీకి తిరిగి రానే రాడు. ఈవెంట్ మీకు చేరదు. యాడ్‌బ్లాకర్ ఉన్నవాళ్లది అసలే చేరదు. మీ టైప్‌లు నూటికి నూరు శాతం సరిగ్గా ఉన్నా ఆ ఆర్డర్ లెక్కలోకి రాదు. గేట్‌వే మాత్రం పేమెంట్ సంగతి వెబ్‌హుక్‌తో, అంటే బ్రౌజర్‌తో పని లేకుండా నేరుగా పంపే కబురుతో, మీ సర్వర్‌కి చెబుతుంది. ‘ఆర్డర్_ప్లేస్డ్’ని అక్కడి నుంచి పంపించండి, లేదా సోమవారం మీటింగ్‌లో ఆర్డర్ల అంకెను డేటాబేస్‌లోని ఆర్డర్స్ టేబుల్ నుంచే చూపించమనండి. బ్రౌజర్ ఈవెంట్లు కస్టమర్ దారిలో ఎక్కడ ఆగాడో చెప్పడానికి పనికొస్తాయి. గల్లాపెట్టె లెక్కకు పనికిరావు. ఆ రోజు ఎవరైనా ఆ టేబుల్‌లో ఒక్క క్వెరీ వేసి చూసి ఉంటే యాడ్స్ ఆపాల్సిన అవసరమే వచ్చేది కాదు. ఆ తప్పు మీ ఒక్కరిదీ కాదు.

ఇప్పుడు మీరు అడిగిన దారులకు వద్దాం.

వదిలేయడం కూడా ఒక దారే. మరీ చిన్న కంపెనీ అయి, పది ఈవెంట్లుంటే నేనూ వదిలేయమనేవాణ్ని. మీ ఉత్తరం చూస్తే ఈవెంట్లు వందల్లో ఉన్నట్టున్నాయి, బాధ్యత మీ పేరు మీద ఉంది. వదిలేస్తే మాటలు తప్పవు, ఈసారి “నీకు ముందే తెలుసుగా” అనే మాట కూడా కలుస్తుంది.

అన్నీ తిరగరాయడం నాకు నచ్చదు. అందులో సగం ఈవెంట్లను ఎవరూ చూడటం లేదని పందెం కాయగలను. ఎవరూ చూడని దానికి టైప్ రాసి ఏం లాభం? అనలిస్ట్‌తో ఒక గంట కూర్చుని, గత మూడు నెలల్లో ఏ క్వెరీలోనూ వాడనివి ఏవో అడగండి. వాటిని తీసేయించండి. మిగిలిన వాటిలో డబ్బుకి సంబంధించినవి, అంటే వెతకడం నుంచి పేమెంట్ దాకా ఉన్న కొద్దిపాటి ఈవెంట్లు, పూర్తిగా మీ పద్ధతిలోకి తెండి. పాత ఫంక్షన్‌ని ఎవరూ కొత్తగా ఇంపోర్ట్ చేయకుండా (తెచ్చి వాడకుండా) ఈఎస్‌లింట్ అనే లింటర్‌లో, అంటే కోడ్‌లో నిబంధన తప్పితే పట్టుకునే టూల్‌లో, నిబంధన పెట్టే వీలుంది. ఇప్పటికే ఉన్న చోట్ల మినహాయింపు రాసి వదిలేయండి, కొత్తవి మాత్రం రాకూడదు. ఇలా చేస్తే ఆ ముగ్గురితో మీరు వాదించక్కర్లేదు, వాదన లింటర్ చూసుకుంటుంది. నష్టం ఏమిటంటే చాలాకాలం రెండు పద్ధతులూ పక్కపక్కనే ఉంటాయి, చూడ్డానికి వికారంగా ఉంటుంది. భరించండి.

టూల్ సంగతికొస్తే, ఈవెంట్లు సేకరించే సర్వీసుల్లో సెగ్మెంట్ వాడే వాళ్లకు టైప్‌రైటర్, రడర్‌స్టాక్ వాళ్లకు రడర్‌టైపర్, ఆంప్లిట్యూడ్ వాళ్లకు ఆంప్లి ఉన్నాయి. ఏ ఈవెంట్‌లో ఏముండాలో ప్లాన్ ఒక చోట రాసుకుంటే, దాన్నుంచి టైప్‌లున్న కోడ్‌ని అవే తయారుచేస్తాయి. ప్లాన్‌ని అనలిస్టే చూసుకోగలదు, అది పెద్ద లాభం. కానీ ప్లాన్‌కి యజమాని లేకపోతే ఇప్పుడు మీ రిపోజిటరీలో ఉన్న గందరగోళమే వాళ్ల సైట్‌లోకి మారుతుంది, దానికి బిల్లు కూడా వస్తుంది. స్నోప్లో లాంటివి ఇంకో అడుగు ముందుకేసి, ప్రతి ఈవెంట్‌నీ స్కీమాతో (ముందే రాసిన నమూనాతో) దారిలోనే సరిచూసి, తప్పిన వాటిని పారేయకుండా పక్కన పెడతాయి. మీకు ఇప్పుడే అంత అవసరం కనిపించడం లేదు. ముందు యజమాని ఎవరో తేలనివ్వండి, టూల్ మాట తర్వాత.

లీడ్‌తో ఈ మాటలు స్టాండప్‌లో ఎత్తకండి. పది మంది ముందు ఆయన వెనక్కి తగ్గడు. విడిగా ఒక పావుగంట అడగండి. “టైప్‌సేఫ్టీ” అనే మాటతో మొదలుపెట్టొద్దు. “ఫిబ్రవరిలో రెండు రోజులు ఎంతమంది పని ఆగిపోయింది, యాడ్స్ ఆపడం వల్ల ఎన్ని ఆర్డర్లు తగ్గి ఉంటాయి” అన్న లెక్కతో మొదలుపెట్టండి. ఆ అంకె మార్కెటింగ్ వాళ్ల దగ్గర దొరుకుతుంది. తర్వాత పేర్ల టెస్ట్, కోడ్‌ఓనర్స్, లింట్ నిబంధన అని మూడే చిన్న మార్పులు చూపించండి. “ఎనీ పెట్టు” అని ఆయన అన్నది మొండితనంతోనే అయి ఉండక్కర్లేదు. పైనుంచి డెడ్‌లైన్ ఉన్నవాడికి మీరు వారాంతాల్లో రాసిన పెద్ద పీఆర్ (రివ్యూకి పెట్టిన కోడ్ మార్పు) ఒక రిస్క్‌లాగే కనిపిస్తుంది. చిన్న పీఆర్‌లైతే ఒప్పుకోవడం సులువు. అన్నట్టు, వారాంతాల్లో రాయడం ఆపండి. సెలవు రోజు చేసిన పనికి ఆఫీసులో లెక్క ఉండదు, సరదాగా చేసిందని అనుకుంటారు.

అప్రైజల్ ఫారంలో ఈ పనిని ఎలా రాస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి. “టైప్‌లు రాశాను” అంటే హెచ్‌ఆర్‌కి అర్థం కాదు. “ఆర్డర్ల లెక్క తప్పు చూపకుండా ఫలానా ఏర్పాట్లు చేశాను” అంటే అర్థమవుతుంది. అనలిస్ట్‌ని ఫీడ్‌బ్యాక్ రాయమని అడగండి. మీ పని వల్ల రోజువారీ బాధ తగ్గేది ఆవిడకే. టీమ్ మారడం మీద నాకు అభ్యంతరం లేదు, కానీ ఈ జోక్ మంట మీద ఉండగా మారొద్దు. మేలో కూడా ఇలాగే అనిపిస్తే అప్పుడు అడగండి. పైసల జోక్ మళ్లీ వస్తే, “అవును, రెండూ నంబర్లే, అందుకే ఇప్పుడు పేరులోనే పైసా అని పెట్టాను” అని చెప్పి తర్వాతి విషయానికి వెళ్లిపోండి.

మీరు అడగని సంగతి ఒకటి ఉత్తరంలో నా కంటపడింది. ‘సెర్చ్’ ఈవెంట్‌లో కస్టమర్ టైప్ చేసింది మొత్తం స్ట్రింగ్‌గా పంపుతున్నామని రాశారు. మీది మందుల షాపు. ఆ పెట్టెలో జనం మందు పేర్లతో పాటు జబ్బు పేర్లు రాస్తారు, ఒక్కోసారి ఆర్డర్ ఎక్కడుందో తెలుసుకోవడానికి ఫోన్ నంబర్ కూడా కొడతారు. స్ట్రింగ్ అన్న టైప్ అన్నిటినీ లోపలికి రానిస్తుంది. మనిషిని గుర్తుపట్టే వివరాలు తమకు పంపొద్దని గూగుల్ అనలిటిక్స్ నియమాల్లోనే ఉంది. మన దేశంలో 2023లో వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది, 2025 నవంబర్‌లో దాని నిబంధనలూ వచ్చాయి. టైప్ చేసిన మాట బదులు, మీ క్యాటలాగ్‌లో అది ఏ విభాగానికి కలిసిందో, ఎన్ని ఫలితాలు వచ్చాయో మాత్రం పంపండి. విభాగాల పేర్లు ముందే తెలుసు కాబట్టి వాటిని స్ట్రింగ్‌గా కాకుండా ఖచ్చితమైన పేర్ల యూనియన్‌గా రాసేయొచ్చు, ఇంకేదీ అందులోంచి జారిపోవడానికి వీలుండదు. ఇప్పటికే వెళ్లిన పాత డేటాను ఏం చేయాలో అనలిస్ట్‌నీ, మీ కంపెనీలో లీగల్ చూసే వాళ్లనీ ఈ వారమే మెయిల్‌లో అడగండి. ఇది ఏప్రిల్ దాకా ఆగే పని కాదు.